తెగిందన్న మాట

బస్తరు సంతల్లో మేము బేరాలు ఎలా ఆడేవాళ్లమో తాము వేసే పుస్తకానికి సరదాగా రాసి ఇమ్మని మన కాలనీ పిల్లలు అడిగారు. పిల్లలంటే నా కళ్లకి పిల్లలు. కొందరికి జుట్టు పల్చబడి కళ్లజోళ్లు కూడా వచ్చాయి. సరే, సరదా భాగం ముందే రాసేస్తాను. ఆ తర్వాత రాయబోయేదాంట్లో సరదా ఏమీ లేదు. నవ్వాలనుకునేవాళ్లు మొదట్లోనే నవ్వేసుకుని పుస్తకం మూసెయ్యవచ్చు, నేనేమీ అనుకోను.

నేను పనిచేసిన గని పెద్దదేం కాదు. ఇప్పుడది లేదు కూడా. దాని పేరు రాయను, అక్కడి మనుషుల పేర్లూ రాయను. ఇనుప రాయి తవ్వి, కడిగి, రైలుకెక్కించి విశాఖ రేవుకు పంపేవాళ్లం. మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరండూల్ రైలు లైను మీదకి గ్యాంగ్‌మన్‌గా వచ్చినవాడు. మా అమ్మది భద్రాచలం వైపు. అందుచేత ఇంట్లో రెండు తెలుగులు, బడిలో హిందీ, సంతలో హల్బీ, గోండీ నా చెవిన పడుతూ పెరిగాను. ఆ చెవులు చూసే నాకు గని సంక్షేమ విభాగంలో ఉద్యోగం ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏమంటున్నారో అధికారులకూ, అధికారులు ఏమంటున్నారో ఊళ్లవాళ్లకూ చెప్పడం నా పని. చెప్పడం వరకే. వినడం వాళ్ల పని.

మా నాన్న బేరమాడకుండా అగ్గిపెట్టె కూడా కొనేవాడు కాదు. వంకాయలమ్మే మనిషి తను అడిగిన ధరకే దిగొస్తే ఆ వంకాయల్లో పుచ్చులున్నాయని ఆయన అనుమానం. మా అమ్మ మాత్రం ధర వినగానే "ఏందీ, గింత పిరమా?" అని గుండెల మీద చెయ్యేసుకునేది. సగం బేరం ఆ చెయ్యే చేసేది. వాళ్లిద్దరి మధ్యా బుట్ట పట్టుకుని నిలబడే నేను ఈ విద్య నేర్చుకున్నాను.

బేరానికి మన దగ్గర ఎన్ని మాటలో చూడండి. పొద్దున్నే మొదటిది బోణీ. "బోణీ బేరం, కాదనకండి" అని అమ్మేవాడూ అంటాడు, కొనేవాడూ అంటాడు, ఎవరికి కావలసినట్టు వాళ్లు. అమ్మేవాడు "గిట్టదు" అంటే ఇంకాస్త పెంచమని. "అస్సలు గిట్టదు" అంటే కొంచెం పెంచినా చాలని. "చివరి మాట చెప్పు" అంటే ఇంకా చాలా మాటలు మిగిలాయని. "నీ ఇష్టం" అంటే నీ ఇష్టం కానే కాదని. అంతా అయ్యాక మొహమాటపెట్టి గుప్పెడు ఎక్కువ వేయించుకుంటే కొసరు. ఇదంతా కలిపి హిందీవాళ్లు మోల్‌భావ్ అని ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లు. అన్నిటికంటే గట్టి మాట మాత్రం నోటితో అనేది కాదు, లేచి వెళ్లిపోవడం. వెనక నుంచి పిలుస్తారని తెలిసే వెళ్తాం. పిలవకపోతే ఏదో మరిచిపోయినట్టు మనమే వెనక్కి వస్తాం.

ఇవన్నీ దాటి ధర కుదిరితే "బేరం తెగింది" అంటాం. ఎంతకు తెగిందని పక్కవాళ్లు అడుగుతారు. బేరం తెగితే కుదిరినట్టు. అదే మాట తాడుకి వాడితే తాడు పోయినట్టు, సంబంధానికి వాడితే సంబంధం పోయినట్టు. పుట్టినప్పటి నుంచీ మనం ఆ మాటని రెండు వైపులా వాడుకుంటూనే ఉన్నాం, ఎవరికీ ఇబ్బంది రాలేదు. దేని గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలిస్తే ఇబ్బంది రాదు.

మా టౌన్‌షిప్ సంతలో నన్ను ఓడించగలిగిన మనిషి ఒక్కతే. దక్షిణాన గుట్టల అవతల, వాగు పక్క ఊరి నుంచి వచ్చేది. చింతపండు, అడ్డాకులు, వానాకాలంలో వెదురు కొమ్ములు తెచ్చుకుని గోనెపట్టా మీద పెట్టుకుని కూర్చునేది. ఎప్పుడో తాతల నాడు తెలుగు సరిహద్దున ఉన్న ఎర్రబోరు, గొల్లపల్లి వైపు నుంచి పైకి వచ్చిన కుటుంబాలు వాళ్లవి, ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవారు. నేను ధర సగానికి సగం కోసి అడిగితే ఆమె కోప్పడేది కాదు. నవ్వుతూ గోనెపట్టా మడతపెట్టడం మొదలుపెట్టేది.

"ఏంది, అప్పుడే పోతున్నవా?" అని నేనే గాభరాపడేదాన్ని.

"నువ్వడిగిన ధరకు అడివిల చెట్టు సుత ఇయ్యదక్కా," అనేది.

చివరికి ఆమె చెప్పిన ధరకే కొని, కొసరు కోసం బతిమాలేదాన్ని. ఆమె తండ్రి ఆ ఊరి పెద్ద. ఆయన మేకను అమ్మాలంటే మా పక్కనున్న బీజాపూర్ వ్యాపారులకి చెమటలు పట్టేవని చెప్పుకునేవారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, వాళ్లకు బేరం తెలియదని మీరు అనుకోకూడదు. మనకంటే బాగా తెలుసు. ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడకూడదో కూడా తెలుసు.

ఇక్కడితో సరదా అయిపోయింది.

ఇనుప రాయిని కడిగితే ఎర్ర బురద మిగులుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట నిలవెయ్యాలి. మా పాత బురద చెరువు నిండిపోవచ్చింది. కొత్తది కట్టడానికి ఇంజనీర్లు చూసిన చోటు ఆ వాగు పైభాగం. అక్కడ కట్ట వేస్తే కింద ఉన్న ఊరికి వాగు రాదు, వస్తే బురదే వస్తుంది. ఆ ఊళ్లో బావి లేదు. తాగేదీ వండుకునేదీ పశువులకు పట్టేదీ మడికి పెట్టేదీ అంతా ఆ వాగే. గుట్టకి అవతల, ఎవరికీ అడ్డం లేని ఇంకో చోటు కూడా ఉందని ఇంజనీర్లే అన్నారు. అది దూరం, రోడ్డు వెయ్యాలి. ఊరు ఒప్పుకుంటే దగ్గరి చోటు, ఒప్పుకోకపోతే దూరపు చోటు అని పై నుంచి మాట వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఊరు వద్దంటే వాగు మిగిలేది.

ఊరి మాట తెలుసుకు రావలసిన పని మా అధికారికి పడింది. ఉత్తరాది మనిషి. చెడ్డవాడని అనలేను. పిల్లల్ని చూస్తే జేబులో చెయ్యిపెట్టి పిప్పరమెంటు బిళ్లలు తీసేవాడు. ఆయనతో వెళ్లేది నేనూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన నా సహోద్యోగీ. అతను నాకంటే చిన్నవాడు, అక్కను అప్ప అనే మా నాన్న వైపు అలవాటు ప్రకారం నన్ను "అప్పా" అని పిలిచేవాడు. హిందీ నాకంటే ధాటిగా మాట్లాడేవాడు. అతని తండ్రి పశువుల సంతలో దళారీ. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వేళ్లు నొక్కి, బయట మనిషికి తెలియకుండా ధర చెప్పుకునే పద్ధతులు అతను భోజనాల దగ్గర చేసి చూపిస్తుంటే అందరం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. చాలా మంచి మనిషి. ఈ కథలో అందరూ మంచివాళ్లే కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొదటిసారి వెళ్లేసరికి ఇప్పపూలు రాలే కాలం. ఊళ్లోవాళ్లు పూలు ఏరడం ఆపి, బడి అరుగు ముందు కూర్చున్నారు. అధికారి చెప్పినదంతా నేను చెప్పాను. పెద్దాయన విని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వద్దు" అన్నాడు.

నేను అదే చెప్పాను. అధికారి తలూపి, రోడ్డు వేయిస్తానన్నాడు. వద్దన్నాడు. బడికి కప్పు వేయిస్తానన్నాడు. వద్దన్నాడు. ఊళ్లో కుర్రవాళ్లకి గనిలో పని ఇప్పిస్తానన్నాడు. పెద్దాయన నా వైపు వంగి, నిజంగానే జాలిపడుతూ అడిగాడు.

"గీయనకు చెవులు వినబడయా బిడ్డా? నేను వద్దంటుంటే ఇంకా ఇస్తా ఇస్తా అంటడేంది?"

తిరుగు దారిలో జీపులో నా సహోద్యోగి అధికారికి పశువుల సంత సంగతులు చెప్పాడు. వద్దన్నవాడే అమ్ముతాడనీ, ధర అడిగిన వెంటనే తలూపేవాడి దగ్గర ఎద్దు ఉండదనీ చెప్పాడు. అధికారికి ఆ మాటలు బాగా నచ్చాయి. ఆయన అలసిపోయి ఉన్నాడు, ఎవరో ఒకరు ఆశ చూపించాలి. ఇది ఎద్దు కాదని నేనన్నాను. ఇద్దరూ నవ్వారు.

రెండోసారి పెద్దాయన మాట్లాడనే లేదు. చెప్పింది మళ్లీ ఎందుకు చెప్పాలన్నట్టు ఊరుకున్నాడు. కాసేపటికి మేకలు చేలో పడ్డాయని ఎవరో కేకేస్తే లేచి వెళ్లిపోయి, తిరిగి రాలేదు. మాట్లాడకపోతే ధర మెత్తబడుతున్నట్టు, లేచి వెళ్తే పిలుపు కోసం చూస్తున్నట్టు అని నా సహోద్యోగి చెప్పాడు. సంతలో అవి నిజమే. నేనూ అలాగే వెళ్లి అలాగే వెనక్కి వచ్చినదాన్నే. అప్పుడే నాకు లోపల భయం మొదలైంది. వద్దంటే ఇంకా కావాలని, ఊరుకుంటే సగం ఒప్పుకున్నాడని, వెళ్లిపోతే వస్తాడని. ఇంక ఆ మనిషి కాదని చెప్పడానికి ఏ మాట మిగిలిందో నాకు తోచలేదు.

మూడోసారి వెళ్లేటప్పుడు అధికారి మాటల పని నా సహోద్యోగికి అప్పగించాడు. నేను మరీ వాళ్ల వైపు మాట్లాడుతున్నానని ఆయన అభిప్రాయం. నన్ను ఆడవాళ్ల దగ్గర కూర్చోమన్నాడు. పెద్దాయన కూతురి పక్కన కూర్చుని విస్తరాకులు కుడుతూ, చెవి మాత్రం అటు వేశాను. ఆ రోజు పెద్దాయన కొంచెం చిరాకుగానే మాట్లాడాడు.

"ఎన్నిసార్లొస్తరు? మీరొచ్చినప్పుడల్లా మా మనుషులు పని ఇడిసి కూసోవాలె. ఏరిన పూలు మేకలు తిన్నయ్. ఇయ్యాలతోటి అయిపోవాలె. ఇగ రాకుండ్రి."

నా సహోద్యోగి ముఖం వెలిగింది. సంతలో విసుగు ఆఖరి మెట్టు. ముందుకు జరిగి, పెద్దాయన మోకాలి మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇంక రాం తాతా. మాకు మాత్రం పని నేదేటి? ఈయేళతో తెగ్గొట్టీసుకుందుము. అయితే తెగినట్టేనా?"

పెద్దాయన లేచాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"తెగింది. ఇగ పోండ్రి."

నా సహోద్యోగి అధికారి వైపు తిరిగి, "తయ్ హో గయా సర్" అన్నాడు. ఖరారైపోయిందని. అధికారి లేచి పెద్దాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. వెళ్లొస్తామంటున్నాడనుకుని పెద్దాయన కూడా చెయ్యి ఇచ్చాడు. అధికారి పిల్లలందరికీ బిళ్లలు పంచాడు. పెద్దాయన కూతురు తునికి పండ్లు మోదుగాకులో కట్టి నా ఒళ్లో పెట్టింది. ఊరంతా జీపు దాకా వచ్చి సాగనంపారు. పీడ వదిలిందని వాళ్ల సంతోషం, పని అయిందని వీళ్ల సంతోషం. ఇన్నేళ్ల ఉద్యోగంలో రెండు పక్షాలూ అంత తృప్తిగా లేచిన సమావేశం నేను ఇంకొకటి చూడలేదు.

జీపు ఊరు దాటకముందే నేను చెప్పాను. "సర్, ఆయన ఒప్పుకోలేదు. మాటలు అయిపోయాయి, ఇంక వెళ్లిపొమ్మన్నాడు."

అధికారి నా సహోద్యోగిని అడిగాడు, ఆయన అన్న మాట ఏమిటని. "తెగింది సర్." సంతలో ఆ మాటకి అర్థం ఏమిటి? "సౌదా కుదిరిందని సర్." అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఆ మాటకి ఆ అర్థం లేదా?"

"ఉంది సర్. కానీ..."

"ఉంది కదా?"

"ఉంది. ఇంకో అర్థం కూడా ఉంది. తెగిపోయిందని."

"ఒకే మాటకి కుదిరిందనీ, తెగిపోయిందనీ రెండూనా?" ఆయన నవ్వాడు. "అలాంటి భాష ఎక్కడైనా ఉంటుందా? వాళ్ల ముఖాలు చూశావా? కాదన్నవాళ్లు పండ్లు కట్టి ఇస్తారా?"

వెనక్కి వెళ్లి ఇంకొక్కసారి, విడమరిచి అడుగుదామన్నాను. కుదిరిన బేరాన్ని మళ్లీ కదిపితే ధర పెంచుతారని, నాకు బేరం తెలియదని ఆయన అన్నాడు. మా నాన్న ఆ మాట వినుంటే ఏమయ్యేవాడో. కార్యాలయానికి చేరగానే ఆయన ఫోనందుకుని, దగ్గరి చోటు ఖరారని పైకి చెప్పేశాడు. మర్నాడు నేను ఆయన పై అధికారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఓపికగా విన్నాడు. చివరికి, "మీరిద్దరూ తెలుగువాళ్లే, మీ మాటకి అర్థం మీలో మీకే కుదరకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

తర్వాతి సంతలో పెద్దాయన కూతురు నన్ను చూడగానే అడగకుండానే చింతపండు కొసరు వేసింది. "మాకిగ రంది లేదక్కా. మా అయ్య మీవోళ్లను తెగ్గొట్టి పంపిండు," అంది. జరిగింది చెప్పాను. మొదట నవ్వింది. నేను ఏదో బేరానికి అలా అంటున్నాననుకుంది. నేను నవ్వకపోయేసరికి తక్కెడ కింద పెట్టేసింది.

"నువ్వాడనే ఉంటివి గదా అక్కా. నువ్వు వినలేదా?"

విన్నాను, చెప్పాను, వాళ్లు వినలేదని చెప్పాను. మీ నాన్నని కార్యాలయానికి ఒక్కసారి రమ్మని, తన నోటితో వద్దని చెప్పమని బతిమాలాను. ఆమె వెళ్లి చెప్పింది. ఆయన రాలేదు. అయిపోయిన మాట మళ్లీ ఎత్తితే అయిపోలేదని తనే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అన్నాడట. పెద్దాయన లెక్క పెద్దాయనది, మా అధికారి లెక్క మా అధికారిది. ఇద్దరూ ఒకే కారణం చెప్పి ఒకే తలుపు మూశారు.

కట్ట పనికి యంత్రాలు వెళ్లిన రోజు నా సహోద్యోగీ నేనూ కూడా వెళ్లాం. పెద్దాయన ఒంటరిగా వచ్చి బుల్డోజరు ముందు నిలబడ్డాడు. బుల్డోజరు డ్రైవరుది మన కోస్తా, తెలుగువాడే. కిందికి దిగి, నమస్కారం పెట్టి, ఏమిటని అడిగాడు.

"ఏంది బిడ్డా ఇది? తెగింది గదా?" అన్నాడు పెద్దాయన.

"అవును తాతా, తెగిందనే కదా మమ్మల్ని పంపించారు," అన్నాడు డ్రైవరు.

"తెగినంక ఎందుకొచ్చిండ్రు మరి?"

"తెగకపోతే ఎందుకొస్తాం తాతా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నా సహోద్యోగి అది విని, పక్కనే ఉన్న రాయి మీద కూలబడిపోయాడు. అక్కణ్నుంచే నన్ను పిలిచాడు.

"అప్పా, ఆయన ఆయేళ వొద్దనే అన్నాడేటి?"

"వద్దనే అన్నాడు."

"నాకు అగుపడనేదప్పా. నాను బేరమనుకున్నాను."

"ఆయన అనుకోలేదు," అన్నాను. అతను అప్పటికప్పుడే వెళ్లి అధికారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. తప్పు తనదేనని, తనకే అర్థం కాలేదని చెప్పాడు. ఊరివాళ్లు నీకు ఏమైనా ముట్టజెప్పారా అని అధికారి అడిగాడు. ఆ తర్వాత అతను భోజనాల దగ్గర తువ్వాలు కింద వేళ్ల బేరం మళ్లీ చేసి చూపించలేదు.

యంత్రాలు ఆగలేదు, కట్ట లేచింది. వానలు పడగానే బురద పొంగి వాగులోకి దిగింది. వాగు ఎర్రగా, చిక్కగా పారింది. మడుల్లో పేరుకుని నారు మునిగిపోయింది. ఊళ్లోవాళ్లు బట్టలో వడగట్టుకుని ఆ నీళ్లే తాగారు, పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. దూరాన గుట్ట మలుపులో ఇసుక తవ్వి చెలమ తీసుకున్నారు గానీ, అందులో ఊరే నీళ్లు తాగడానికే సరిపోయేవి కాదు.

పెద్దాయన కూతురు ఒకరోజు ఖాళీ చేతులతో మా కార్యాలయానికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఒక బోరింగు ఏపియ్యక్కా. నా చిన్నోడు లేస్తలేడు. మా అయ్యకు చెప్పకు."

నేను లోపలికి వెళ్లి చెప్పాను. చేతిపంపు వెయ్యడం అధికారికి పెద్ద పని కాదు, బోరు బండి ఆవరణలోనే ఉంది. కానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. మాట తెంచింది పెద్దాయన, ఇప్పుడు కూతురొచ్చి కొత్త కోరిక కోరితే ఎలా అన్నాడు. రేపు ఇంకొకడు వస్తాడన్నాడు. పెద్దాయన అడిగాడని తెలిస్తే చాలు, రేపే వేయిస్తానన్నాడు. ఆయనకి కావలసింది ఏమిటో నాకు అర్థమైంది. ఆ ఊరి గురించి నేను అన్నదీ, నా సహోద్యోగి తప్పు ఒప్పుకున్నదీ ఆయన మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పెద్దాయన నోరు తెరిచి ఏదో ఒకటి అడిగితే ఆ ముల్లు పోతుంది.

నా సహోద్యోగీ నేనూ ఊరికి వెళ్లాం. పెద్దాయన వసారాలో మంచం నులక బిగిస్తున్నాడు. లోపల మనవడు పడుకుని ఉన్నాడు. నా సహోద్యోగి నేల మీద కూర్చుని, ఒక్క మాట, బోరింగు కావాలన్న ఒక్క మాట అనమని ప్రాధేయపడ్డాడు.

"పిల్లడి కోసవఁయినా అడుగు తాతా. నీకు దణ్ణవెడతాను."

పెద్దాయన నులక లాగుతూనే ఉన్నాడు. కూతురు గడప మీద కూర్చుంది. "అడుగయ్యా," అంది. "నోరిప్పి ఒక్కపారి అడుగు. ఏం బోతది?"

అప్పుడు ఆయన చెయ్యి ఆపాడు.

"అడుగుతే బేరమైతది బిడ్డా," అన్నాడు. కూతురితో అన్నాడో నాతో అన్నాడో తెలియలేదు. "ఇయ్యాల నేను బోరింగడుగుతే, ఆ పొద్దు నేను వాగమ్మినట్టే. ఆళ్లన్నదే నిజమైతది. ఊరికి నేనేం జెప్పుకోవాలె?"

కూతురు లేచింది. కడవ తీసుకుని చెలమ వైపు వెళ్లిపోయింది. లోపల పిల్లవాడు దగ్గుతున్నాడు. అంతసేపూ నేను ఆయన్ని మనసులో తిట్టుకున్నాను, పట్టుదల ఎక్కువైందని. ఆ తర్వాత ఆయన స్థానంలో నిలబడి చూశాను, నేనూ అడగలేననిపించింది. రెండూ ఒకే క్షణంలో అనిపించాయి, ఇప్పటికీ రెండూ అలాగే ఉన్నాయి.

తిరిగి వచ్చాక నా సహోద్యోగి నన్ను బయట ఉండమని, ఒక్కడే అధికారి గదిలోకి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. "అడిగాడు సర్," అని అతను చెప్పడం నాకు వినిపించింది. మొదటిసారి తెలియక తప్పు చెప్పినవాడు, ఈసారి తెలిసి చెప్పాడు. అధికారి ముఖం పెళ్లివారి ముఖంలా విచ్చుకుంది. బయటికి వచ్చి, నన్ను చూసి, ఏ కోపమూ లేకుండా అన్నాడు.

"చూశావా అమ్మా? బేరం కాకపోతే అడుగుతాడా?"

అడిగాడా అని నన్ను అడగలేదు. నా చెవులు చూసి ఉద్యోగమిచ్చిన చోట, నా చెవులతో అప్పటికి ఎవరికీ పని లేకుండా పోయింది.

అన్నమాట ప్రకారం బోరు బండి వెళ్లింది. నీళ్లు పడ్డాయి. ఇనుము వాసన కొట్టినా తాగేందుకు పనికొచ్చే నీళ్లే. పెద్దాయన మనవడు లేచి తిరిగాడు. ఊళ్లో పెద్దాయనతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. ఆయనే లోపాయికారీగా ఒప్పందం చేసుకున్నాడని, అందుకే ఆ రోజు అధికారికి చెయ్యి కలిపాడని, బోరింగు అందుకే వచ్చిందని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. నేను ఇంటింటికీ వెళ్లి కాదని చెప్పాను. నేను గని మనిషిని. నా మాట ఎందుకు నమ్ముతారు? నా సహోద్యోగి బదిలీ అడిగి వెళ్లిపోయాడు.

ఆఖరిసారి నేను ఆ ఊరికి వెళ్లినప్పుడు పెద్దాయన చెలమ నుంచి చిన్న ముంతతో తన మట్టుకు నీళ్లు తెచ్చుకుంటూ ఎదురయ్యాడు. బోరింగు నీళ్లు ఆయన ముట్టలేదని కూతురు అంతకుముందే చెప్పింది. నన్ను చూసి ఆగాడు. నా క్షేమం అడిగాడు. ఊరి నడుమ బోరింగు కొడుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తోంది. అటు చూసి, నా వైపు తిరిగాడు.

"ఎంతకు తెగినయ్ బిడ్డా గా నీళ్లు?" అన్నాడు.

ఎకసెక్కంగా అనలేదు. మేకను అమ్ముకొచ్చినవాణ్ని పక్కింటివాళ్లు అడిగినట్టు, తెలుసుకుందామనే అడిగాడు. వాగు అమ్మినవాడు ఆయనేనని ఊరంతా అంటోంది. ఎంతకు అమ్మాడో ఆయనకే తెలియదు. ముంత ఒలకకుండా పట్టుకుని ఇంటి వైపు నడిచాడు.